పాత పెట్టెలో జమీందారు నోటు దొరికితే

ముత్తాత పెట్టె అడుగున జమీందారు సంతకంతో ప్రోనోటు దొరగ్గానే ఇంట్లోవాళ్లు ముందు చేసే పని వడ్డీ లెక్కగట్టడం. అది ఆఖరున చెయ్యాల్సిన పని. ముందు కాగితం తిప్పి వెనకవైపు చూడండి.

డిమాండు నోటుకి, అంటే అడగ్గానే తీర్చాల్సిన ప్రోనోటుకి, ఆయుష్షు మూడేళ్లే. దాన్ని పొడిగించేది వెనక వేసే చెల్లు, అంటే కొంత డబ్బు ముట్టిందన్న రాత. నోటు తేదీ 1936 మార్చి 12 అనుకుందాం. 1938 డిసెంబరు 4న 50 రూపాయలు చెల్లు పడింది. గడువు లోపలే కాబట్టి అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు, అంటే 1941 డిసెంబరు 4 దాకా. తర్వాతి చెల్లు 1942 జనవరి 20న. నెలన్నర దాటింది. ఆపైన పదిసార్లు డబ్బు ముట్టినా ఆ నోటు లేవదు, కాలదోషం పట్టేసింది, అంటే దావా గడువు దాటిపోయింది. తేదీలు సరిపోయినా, ఆ రాత ఎవరిదన్నది ఇంకో తిరకాసు. చెల్లు కింద జమీందారు చేతిరాతో సంతకమో, లేదా అధికారం ఉన్న దివాను సంతకమో ఉండాలి. అప్పిచ్చినవాడే తన దస్తూరీతో ‘నేడు 50 ముట్టినవి’ అని రాసుకుంటే అది గడువుని పెంచదు. పాత నోట్లలో ఎక్కువగా కనబడేది ఇదే.

తర్వాత స్టాంపు. 1930ల నాటి డిమాండు నోటుకి 250 రూపాయల దాకా అణా, వెయ్యి దాకా 2 అణాలు, ఆపైన 4 అణాలు. స్టాంపు మీదుగా సంతకమో గీతో పడక అది రద్దు కాకుండా ఉంటే అసలు అంటించనట్టే లెక్క. వేరే దస్తావేజులకి జరిమానా కట్టి గట్టెక్కొచ్చు గానీ ప్రోనోటుకి ఆ వెసులుబాటు లేదు.

అసలు మెలిక వేరే ఉంది: ఆ బాకీ మనిషిదా, ఎస్టేటుదా? పిఠాపురం కేసులో 1899లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లోని పైకోర్టు) జమీందారు ఎస్టేటుని ఇష్టం వచ్చినట్టు అమ్ముకోవచ్చనడంతో మద్రాసు ప్రభుత్వం ఉలిక్కిపడి చట్టం తెచ్చింది. 1904 నాటి ఆ అవిభాజ్య (వారసుల మధ్య పంచడానికి వీల్లేని) ఎస్టేట్ల చట్టం ప్రకారం, షెడ్యూలులో పేరున్న జమీలో జమీందారు చేసిన సొంత అప్పు ఆయన బతికున్నంత కాలమే ఎస్టేటుని అంటుకుంటుంది. కుటుంబ అవసరానికని రుజువైతేనే తర్వాతివాడి మీదికి వస్తుంది. పేష్కష్ (జమీందారు ప్రభుత్వానికి కట్టే శిస్తు) బకాయి తీర్చడానికి తెచ్చిన అప్పు వేరు, గుర్రప్పందేలకి తెచ్చింది వేరు. అందుకే నోటులో ‘ఏ నిమిత్తం’ అన్న మాట వెతకాలి. జమీ అప్పటికి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (జమీందారు బదులు ఎస్టేటుని నడిపే ప్రభుత్వ సంస్థ) చేతిలో ఉంటే ఇంకా కష్టం. ఆ కాలంలో జమీందారు సొంతంగా పెట్టిన సంతకానికి బలం లేదు.

ఇక 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి భూమిని ప్రభుత్వం తీసుకుంది. తనఖా ఉన్న భూమి కూడా పోయింది. అప్పులవాళ్ల హక్కు పరిహారం సొమ్ము మీదికి మారింది. ఆ సొమ్ము, దాన్ని పంచే ట్రిబ్యునల్లో డిపాజిట్ అయిన ఆరు నెలల్లో దరఖాస్తు పెట్టుకోవాల్సి ఉండేది, మహా అయితే ఇంకో మూడు నెలలు పొడిగింపు. అవిభాజ్య జమీల్లో చెల్లే అప్పులు తీర్చాకే మిగిలింది వారసులు పంచుకున్నారు. కాబట్టి మీ పెట్టెలో నోటుతోపాటు ట్రిబ్యునల్ దరఖాస్తు నకలో, ఉత్తర్వో ఉందేమో వెతకండి. ఉంటే బాకీలో కొంత అప్పుడే ముట్టిందేమో తెలుస్తుంది. బాకీ కట్టాలన్న కోర్టు డిక్రీ కాగితం దొరికినా సంబరపడొద్దు, అమలుకి గడువు 12 ఏళ్లు.

మరి ఇప్పుడున్న వారసుణ్ణి అడగకూడదా? అడగొచ్చు. కాలదోషం దావాని ఆపుతుంది గానీ బాకీని చెరిపెయ్యదు. ఇష్టపడి ఇచ్చాక, గడువు దాటింది కదా అని తిరిగి అడగడానికి ఉండదు. లాయరు నోటీసుతో మొదలుపెడితే మాత్రం అవతల కూడా లాయరే బదులిస్తాడు, ‘కాలదోషం’ అన్న ఒక్క మాటతో ముగిస్తాడు. ఒక పేజీ ఉత్తరం చాలు: నోటు తేదీ, అసలు, చెల్లుల తేదీలు, నోటు రెండువైపులా జిరాక్సు. చక్రవడ్డీ వెయ్యొద్దు, అసలు మాత్రమే అడగండి. ఒరిజినల్ చేయి దాటనివ్వొద్దు. వాళ్లు సరేనంటే, మీ వైపు వారసులంతా సంతకం చేసిన రసీదు ఇవ్వాలి. ఒక్క పినతండ్రి కొడుకు సంతకం తగ్గినా వాళ్లు వెనకాడతారు, అందులో తప్పులేదు.