బేతాళుణ్ణి భుజానికెత్తిన విక్రమార్కుడు: ఆరంగుళాల బొమ్మతో నా అనుభవం

విదేశీ కామిక్స్‌లోని ముసుగు వీరుడు ఫాంటమ్‌కి కీళ్ళు తిరిగే బొమ్మ ఉంది. మాంత్రికుడు మాండ్రేక్‌కి ఉంది, ఆయన వెంట ఉండే లోథార్‌కీ ఉంది. 1980ల్లో గలూబ్ కంపెనీ ఒకసారి చేసింది, ఈమధ్య నెకా కంపెనీ వాళ్ళు మళ్ళీ చేశారు, ఈసారి కీళ్ళన్నీ బాగా తిరిగేలా. వీళ్ళ రచయిత లీ ఫాక్ మాండ్రేక్‌ని మొదలుపెట్టింది 1934లో, ఫాంటమ్‌ని 1936లో. అంత పాత పాత్రలకి కూడా ఇప్పటికీ కొనేవాళ్ళున్నారన్నమాట. మరి మనం చదివిన మన దేశపు బొమ్మల కథల హీరోల సంగతేంది? బహదూర్, ధ్రువ, శికారీ శంభు, మన విక్రమార్కుడు? షెల్ఫులో పెట్టుకునే కదలని విగ్రహాలు అక్కడక్కడా కనపడతాయి గానీ, చెయ్యి తిప్పితే తిరిగే, మోకాలు మడిస్తే మడతపడే బొమ్మ నాకైతే ఎక్కడా దొరకలేదు.

బొమ్మలు పోగేసే ప్రతివాడి దగ్గరా ఇలాంటి ఒక కోరికల చిట్టా ఉంటుంది. ఎక్కువమంది ఇష్టాన్ని బట్టి రాస్తారు. నేను మాత్రం ఆ పాత్ర ఒంటితో ఏం పని చేస్తుందో చూస్తాను. కామిక్స్‌లో అమాయకపు నౌకరు సుప్పాండి అంటే నాకు ప్రాణం, కానీ వాడి తమాషా అంతా వాడిచ్చే జవాబులో ఉంది, కీళ్ళు పెట్టి ఏం చేయిస్తాం. కార్టూనిస్టు బుజ్జాయి గారి డుంబు కూడా అంతే, కాగితం మీదే అందం. పిరికి వేటగాడు శికారీ శంభు అలా కాదు, టోపీ కళ్ళ మీదకి దిగి ఉంటుంది కాబట్టి ముఖం పెద్దగా చెక్కే పనే లేదు, భయపడి పరిగెత్తే కాళ్ళుంటే చాలు. చాచా చౌదరి వెంట ఉండే సాబూ కావాలంటే ఇంకో చిక్కు. పదిహేను అడుగుల మనిషి కదా, చాచా చౌదరి ఆరంగుళాలుంటే ఆయన పక్కన సాబూ పదిహేనంగుళాలు ఉండాలి, ఏ కంపెనీ అయినా ప్లాస్టిక్ ఖర్చు చూసి పారిపోతుంది. ధ్రువకి అతీత శక్తులేమీ లేవు, ఉన్నదల్లా ఒళ్ళు, బుర్ర, బైకు. ఇలాంటి బొమ్మల కోసమే పుట్టినట్టుంటాడు. 1987 నుంచీ ఉన్నాడు, ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం.

ఈ లెక్కలో అందరికన్నా పైన నిలబడేవాడు విక్రమార్కుడు. ఆయన కథలొచ్చిన చందమామ కామిక్ కాదు కదా అని ఎవరన్నా అంటే వాదించను. కానీ ఆ బేతాళ కథల మొదట్లో చిత్రకారుడు శంకర్ గారు వేసిన బొమ్మ చూడండి. చేతిలో కత్తి, భుజాన శవం, అయినా నడక ఆగలేదు. అంత బరువు మోస్తూ ఆ అడుగు వేయడంలో ఉన్న ఠీవి ఏ విదేశీ సూపర్‌హీరోకీ లేదని నా అభిప్రాయం. కథ మాత్రం ఎప్పటిదో, పదకొండో శతాబ్దంలో సోమదేవుడి కథాసరిత్సాగరంలోనే ఉంది, అది ఎవరి సొత్తూ కాదు. గీత శంకర్ గారిది. ఆయన 2020లో పోయారు. అందుకే నేను చేసుకున్నది నా అల్మారాకే, అమ్మకానికి కాదు. ఇది ముందే చెప్తున్నా, ఎందుకంటే ఫొటో చూసిన ప్రతివాడూ రేటెంత అనే అడుగుతున్నాడు.

ముందు ఒళ్ళు కావాలి. ఆరడుగుల మనిషిని పన్నెండో వంతుకి దించితే సరిగ్గా ఆరంగుళాలు, బయట ఎక్కువ దొరికే సైజు అదే. కొత్త ఖాళీ బాడీ విదేశాల నుంచి తెప్పిద్దామా అంటే బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికీ, 2023లో 70 శాతానికీ ఎక్కింది, దానికి తోడు ఎక్కడ ఆపేస్తారో అని టెన్షన్. హైదరాబాద్‌లో ఒకాయన తల పోయిన, కవచం విరిగిన పాత బొమ్మలన్నీ ఒక సంచిలో వేసి కిలోల లెక్కన ఇచ్చినట్టు ఇచ్చాడు. అందులో ఒకటి ఛాతీ వెడల్పు, నడుము సన్నం, మోకాళ్ళు రెండు మడతలు పడేది. అది తీసుకున్నా. మా తరానికి కీళ్ళ బొమ్మ అంటే ఫన్‌స్కూల్ వాళ్ళ జీఐజో సైనికుడు, నడుము లోపల నల్ల రబ్బరు రింగు తెగిందంటే మనిషి రెండు ముక్కలు. వీటికి ఆ బాధ లేదు. పాత చేతులు మార్చాలంటే మరిగిన నీళ్ళలో కాసేపు ముంచితే ప్లాస్టిక్ మెత్తబడి గుంటలోంచి సుఖంగా ఊడొస్తుంది. చల్లగా ఉన్నప్పుడు లాగితే మాత్రం చేతిని పట్టి ఉంచే పుల్ల లోపలే విరిగిపోతుంది.

తల దగ్గర చాలా కాలం పోయింది. బ్లెండర్‌లో నేనే చెక్కుకున్నా, అది కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు చేసే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, నేర్చుకోవడానికి ఓపికే ఖర్చు. ప్రింటు మాత్రం చెన్నైలో రెజిన్‌తో త్రీడీ ప్రింటు వేసే మిషన్ ఉన్న ఒకతనికి ఫైలు పంపించి వేయించాను. మొదట వచ్చిన తలకి ఒక చెవి లేదు. ప్రింటు నిలవడానికి వేసే సన్నపు ఆసరా పుల్లల్ని కట్టరుతో లాగేటప్పుడు చెవి కూడా దానితో పోయింది. అడిగితే "జుట్టు కిందికి వేసుకోండి సార్" అన్నాడు! రెండోసారి పుల్లలు తియ్యకుండా పంపమని, నేనే ఇంట్లో గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి నెమ్మదిగా ఒలుచుకున్నా. ఇంకో సంగతి, ఈ సైజులో తల రెండు సెంటీమీటర్లు ఉంటుంది అంతే. మీసం నిజంగా ఎంత మందం ఉంటుందో లెక్క కట్టి చెక్కితే రంగు పడ్డాక కనపడనే కనపడదు. మీసం, కనుబొమలు, పెదవి గీత ఇవి మూడూ స్క్రీను మీద చూస్తే వెటకారంగా అనిపించేంత ఎక్కువ చేయాలి. చేతిలోకి వచ్చాక సరిపోతుంది.

ఇక బేతాళుడు. అసలు కష్టమంతా ఇక్కడ ఉంది. శవం కూడా మనిషే కాబట్టి అదీ ఆరంగుళాలే ఉండాలి, అంటే విక్రమార్కుడి బరువంత బరువు ఒకే భుజం మీద. మామూలు బాడీనే ఇంకోటి తీసుకుని వేస్తే ఎంత సర్దినా పక్కకి పడిపోతాడు, ఇది చెయ్యకముందే తెలుస్తూనే ఉంది. అందుకని బేతాళుణ్ణి లోపల బోలుగా చేశా. సన్నపు అల్యూమినియం తీగతో ఎముకల గూడు, దాని మీద పొట్ట దగ్గర పార్శిల్‌లో వచ్చే థర్మాకోల్ ముక్క, పైన పలచగా ఎం-సీల్. అవును, ట్యాపు లీకయితే వేసే ఎం-సీలే. హార్డువేరు షాపులో దొరుకుతుంది, తడి వేలితో రుద్దితే చర్మంలా నునుపొస్తుంది, గట్టిపడ్డాక గరుకు కాగితం పెట్టి రుద్దుకోవచ్చు, కాకపోతే ఆ పొడి ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకోవాలి. నెల్లూరు ఎండల్లో మాత్రం దీనితో ఆటలొద్దు. వేడికి తొందరగా బిగుసుకుంటుంది, పెద్ద ముద్ద కలిపితే సగం వాడేలోపు రాయి. శనగగింజంత కలపడం, పక్కటెముక ఒకటి పెట్టడం, మళ్ళీ కలపడం. రోహిణి కార్తెలో అయితే రాత్రి పది దాటాకే కూచునేవాణ్ణి. తీగ ఉండటం వల్ల ఇంకో లాభం, భుజం వంపుకి తగ్గట్టు బేతాళుణ్ణి నడుము దగ్గర వంచుకోవచ్చు. పట్టు అక్కడే దొరికింది.

బరువు తగ్గినా నిలబెట్టడం వేరే విద్య. చీలమండ కీళ్ళు వదులుగా ఉన్నాయి. దీనికి కలెక్టర్లందరికీ తెలిసిన చిట్కా ఒకటి ఉంది. కీలు ఊడదీసి దాని గుండ్రటి కొన మీద ఫెవిక్విక్ ఒక్క పలచటి పూత వేసి, గుంటలో పెట్టకుండా పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు బిగించాలి. పూత మందమే కీలుని టైట్ చేస్తుంది. ఊడని కీలయితే రంగులేని గోళ్ళ రంగు ఒక చుక్క వేసి, ఆరేదాకా ఆగకుండా తిప్పుతూనే ఉండాలి. ఆ తరవాత పోజు. శవం ఎడమ భుజాన ఉంది కాబట్టి నడుముని కాస్త కుడికి వంచి, ముందుకేసిన కాలి మోకాలు మడిచి, బరువంతా ఆ పాదం మీదికి తెచ్చాను. నిలబడ్డాడు. నిజం మనిషి మూట మోసేటప్పుడు ఎలా వంగుతాడో అచ్చం అలాగే వంగితేనే నిలబడ్డాడు, అది నాకు భలే నచ్చింది.

పంచె కోసం సంతపేటలో మాకు ఎప్పటినుంచో బట్టలు కుట్టే టైలరు బాబాయ్ దగ్గరికి పోయాను. అమ్మ పాత వెంకటగిరి చీర ఒకటి చిరిగిపోయి ఉంటే అడిగి తీసుకున్నా, అంత సన్నటి నేత ఇంకెక్కడా దొరకదు. బాబాయ్ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది అబ్బాయా ఇది, దీనికి కొలతలు తీసుకోవాల్నా?" అన్నాడు. నాలుగు గజాల పంచె పన్నెండో వంతంటే ముప్ఫై సెంటీమీటర్లు అని నేను లెక్క చూపించాను. ఆయన ఒకసారి చుట్టి చూశాడు. పొడవు తగ్గింది గానీ గుడ్డ మందం తగ్గదు కదా, కుచ్చిళ్ళన్నీ పెడితే పొట్ట ముందర దిండు కట్టినట్టయింది. "రెండు కుచ్చిళ్ళు పెట్టి మిగతాది కత్తిరించేయ్, ఎవురు లెక్కబెడతారు" అని బ్లేడు అందుకున్నాడు. అంచు మడిచి కుడితే అదీ లావే, అందుకని మడవలేదు, నీళ్ళు కలిపిన ఫెవికాల్ కుంచెతో అంచుకి రాసి ఆరాక కోశాం, పోగులు ఊడలేదు. కుచ్చిళ్ళకి కూడా అదే రాసి గుండుసూదులు గుచ్చి వదిలేశాను. తొడ దగ్గర మాత్రం రాయకూడదు, అక్కడ గట్టిపడితే ఇక కాలు లేవదు. బాబాయ్ డబ్బులు తీసుకోలేదు, బేతాళుడికి గోచీ గుడ్డ కూడా ఆయనే చించి ఇచ్చాడు.

రంగుల గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటే. పీవీసీ మెత్తటి ప్లాస్టిక్ మీద ఎనామిల్ రంగు వేశారంటే నెలలు గడిచినా జిగురు వదలదు, వేలు పెడితే అంటుకుంటూనే ఉంటుంది. యాక్రిలిక్ పలచగా పొరలు పొరలుగా వేసి పైన మ్యాట్ వార్నిష్ కొట్టండి. కీళ్ళ లోపల అసలు వేయకండి, తిప్పగానే రాలుతుంది.

చెట్టు లేకపోతే బేతాళుడు ఎక్కడికి పోతాడు? దానికోసం ఆత్మకూరు మీదుగా బస్సెక్కి ఉదయగిరి పోయాను. అక్కడ కొయ్య గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చేసే కుటుంబాలున్నాయి, నర్ది, బిక్కి లాంటి అడవి కొయ్యలతో. వాళ్ళ పనితనం చూస్తే నా ఎం-సీల్ పని చూపించడానికే సిగ్గేసింది. ఒక అక్కకి ఫోన్లో చెట్టు బొమ్మ చూపించి ఇలా కొమ్మలతో చెక్కుతారా అని అడిగితే, "ఆకులు లేని చెట్టు ఎవరికి నాయనా?" అని నవ్వింది. తరవాత ఆవిడ చెప్పిన మాట బంగారం. ఒక దిమ్మలోంచి వంకర కొమ్మ చెక్కితే కొయ్య గీత అడ్డంగా తెగుతుంది, సన్నమైన చోట పుటుక్కున విరిగిపోతుంది. అందుకని పనికిరాదని పారేసిన ముక్కల కుప్పలో వెతికి, వంపు తనంతట తనే తిరిగిన వేరు ముక్క తీసింది. కింద చదును చేసి, పైన బేతాళుడి కాళ్ళు చిక్కుకునేలా ఒక చీలిక మాత్రం పెట్టింది. చేతి ఆకురాయి, కత్తి, గరుకు కాగితం, అంతే ఆవిడ సరంజామా. ఇప్పుడు శవాన్ని భుజం మీంచి తీసి తలకిందులుగా చెట్టుకి వేలాడదీస్తే అలాగే ఉంటుంది, మా అన్న కొడుకు వచ్చినప్పుడల్లా వాడి ఆట అదే, దించడం, ఎక్కించడం.

ఖర్చు చూస్తే చెన్నై ప్రింట్లకే ఎక్కువయింది, మిగతావన్నీ చిల్లర. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తల కూడా ఎం-సీల్‌తోనే ప్రయత్నించండి, టోపీ ఉన్న శంభు లాంటి వాడయితే ఇంకా సుళువు.

నేను మాత్రం బహదూర్ పని ఎత్తుకున్నా. 1976లో ఆబిద్ సుర్తీ రాసిన మనిషి, ఒంటి మీద కుర్తా, కింద జీన్స్. కుర్తాకి అదే చీర ముక్కకి కాషాయం రంగు అద్దితే సరిపోయింది. జీన్సే కుదరడం లేదు, డెనిమ్ ఎంత పలచటిది తెచ్చినా ఈ సైజులో మోకాలు మడవనివ్వదు. బాగా ఉతికి ఉతికి పలచబడిన నీలం చొక్కా, డెనిమ్‌లా కనపడే నేత ఉన్నది, నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఎవరి దగ్గరన్నా పారేసేది ఉంటే చెప్పండి. కాలరు, జేబులు మీరే ఉంచుకోండి, నాకు వీపు ముక్క ఒక్కటి చాలు.