సీనియర్ నోట్సు ఈసారి గట్టెక్కించదు

నల్లగొండ గడియారం స్తంభం చుట్టుపక్కల కానీ, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో కానీ, సెమిస్టర్ పరీక్షలు పదిహేను రోజులున్నాయనగా జిరాక్స్ సెంటర్ల ముందు చూడండి. పోయినేడు పాసైనవాళ్ల నోట్సు, అంతకుముందేటి గైడు, ఎవరో ఎర్రపెన్నుతో టిక్కులు పెట్టిన పాత ప్రశ్నపత్రాలు కట్టలు కట్టలుగా కాపీ అవుతుంటాయి. ఇన్నాళ్లూ ఈ పద్ధతి నడిచింది. సిలబస్ కాగితం మారినా లోపలి సరుకు మారేది కాదు కాబట్టి నడిచింది. ఇప్పుడు కథ తిరగబడింది. పేపరు పేరు అదే, యూనిట్లూ దాదాపు అవే, వాటి కింద ఉన్న చట్టం మాత్రం మొత్తం కొత్తది. 2024 జులై నుంచి 2026 ఏప్రిల్ దాకా, అంటే రెండేళ్లు కూడా నిండకముందే, ఎల్‌ఎల్‌బీ, ఎంబీఏ, బీకాం మూడింటికీ ఈ మార్పు వచ్చిపడింది.

ముందు బీకాం సంగతి, మన దగ్గర ఎక్కువమంది చదివేది అదే కాబట్టి. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 536 సెక్షన్లు, 23 అధ్యాయాలు, 16 షెడ్యూళ్లు. ప్రీవియస్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాది), అసెస్‌మెంట్ ఇయర్ (దానికి పన్ను లెక్కగట్టే ఏడాది) అనే జంట పోయి ‘టాక్స్ ఇయర్’ అనే ఒక్క మాట మిగిలింది. వినడానికి సులువే కానీ మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. 2025-26లో సంపాదించిన ఆదాయానికి 2026లో వేసే రిటర్ను పాత చట్టం కిందికే వస్తుంది, దాని అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. 2026 ఏప్రిల్ నుంచి సంపాదించేది కొత్త చట్టం కిందికి వస్తుంది, దాని టాక్స్ ఇయర్ కూడా 2026-27. రెండు చోట్లా అదే అంకె! అందుకని లెక్క మొదలుపెట్టే ముందు ‘ఈ ఆదాయం ఏ తేదీల మధ్య వచ్చింది’ అని పైన ఒక లైను రాసుకోవాలి. ఏ చట్టమో ఆ లైనే తేలుస్తుంది.

సెక్షన్ నంబర్లలో పదే పదే వాడేవి కొన్నే. పొదుపులకు మినహాయింపు ఇచ్చే పాత 80సీ ఇప్పుడు 123. రిబేటు ఇచ్చే 87ఏ ఇప్పుడు 156. కొత్త పన్ను విధానం చెప్పే 115బీఏసీ ఇప్పుడు 202. జీతం మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) 192లో ఉండేది, 392కి వెళ్లింది. 194 పక్కన ఏ, సీ, హెచ్, జే అంటూ బట్టీ పట్టిన తోకలన్నిటినీ 393 కింద పట్టికలుగా సర్దారు. ఇదొక్కటీ నిజంగా మేలు చేసిన మార్పు.

నంబర్ల కన్నా ఎక్కువ మార్కులు పోయేది మార్జినల్ రిలీఫ్ దగ్గర, అంటే పరిమితి కొద్దిగా దాటినవాళ్లకు పన్నులో ఇచ్చే ఊరట దగ్గర. 2025-26కి కొత్త విధానం శ్లాబులు ఇవి: 4 లక్షల వరకు పన్ను లేదు, 8 లక్షల వరకు 5 శాతం, 12 వరకు 10, 16 వరకు 15, 20 వరకు 20, 24 వరకు 25, ఆపైన 30 శాతం. పన్ను వేసే ఆదాయం 12 లక్షలు దాటకపోతే గరిష్ఠంగా 60,000 రిబేటు, అంటే పన్ను సున్నా. ఇప్పుడు జీతం 13,00,000 అనుకోండి. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 12,25,000. శ్లాబుల ప్రకారం 20,000 + 40,000 + 3,750, మొత్తం 63,750. దీనికి 4 శాతం సెస్సు కలిపి 66,300 అని రాసి ఆపేస్తారు. తప్పు. ఆదాయం 12 లక్షలను దాటింది 25,000 మాత్రమే, కాబట్టి పన్ను అంతకు మించకూడదు. 38,750 రిలీఫ్ పోగా పన్ను 25,000, సెస్సు 1,000, కట్టాల్సింది 26,000. ఈ రిలీఫ్ సుమారు 12,70,588 దాకా ఉంటుంది, ఆపైన మామూలు లెక్కే. షేర్ల లాభాల్లాంటి ప్రత్యేక రేటు ఆదాయం మీది పన్నుకు ఈ రిబేటు వర్తించదు. ప్రశ్నలో అలాంటి ఆదాయం ఒక మూల ఇరికించి పెడతారు, చూసుకోవాలి.

జీఎస్టీ పేపరులో 2025 సెప్టెంబరు 22 గీత లాంటిది. ఆ రోజు నుంచి ప్రధాన రేట్లు 5, 18, 40. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రోజూ లారీలకెక్కే సిమెంటు 28 నుంచి 18కి వచ్చింది. ట్రాక్టర్ 12 నుంచి 5కి, పిల్లల నోటుపుస్తకాలు 12 నుంచి సున్నాకి వచ్చాయి. అలాగని ‘12 శాతం పూర్తిగా పోయింది’ అని రాయకూడదు. ఇటుకలకు ఉన్న ప్రత్యేక పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద ముందే కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) తీసుకుంటే 12, తీసుకోకుంటే 6 అలాగే ఉన్నాయి.

రేటు మారిన రోజుకు అటూ ఇటూ జరిగిన లావాదేవీకి ఏ రేటు వేయాలన్నది జీఎస్టీ చట్టం సెక్షన్ 14 చెబుతుంది. సేవ అందిన తేదీ, బిల్లు తేదీ, డబ్బు అందిన తేదీ అని మూడుంటాయి. ఈ మూడింటిలో ఏ రెండు మార్పుకు ముందుంటే పాత రేటు, ఏ రెండు తర్వాత ఉంటే కొత్త రేటు. రోజుకు 7,500 లోపు అద్దె ఉన్న లాడ్జి గదిని తీసుకుందాం. దాని రేటు 12 నుంచి 5కి తగ్గింది. సెప్టెంబరు 20న దిగి, అదే రోజు బిల్లు తీసుకుని, డబ్బు 30న ఇస్తే 12 శాతమే. 20న దిగినా బిల్లు 25న రాసి, డబ్బు 26న అందితే 5 శాతం. ఈ లెక్క సేవల మీదే వేసి చూపించడం మంచిది. సరుకుల విషయంలో డబ్బు అందిన తేదీని పక్కన పెట్టాలని 2017లోనే నోటిఫికేషన్ వచ్చింది. చాలా గైడ్లు ఆ ముక్క వదిలేసి సరుకులకూ ఇదే సూత్రం అంటగడతాయి.

ఇక లా. పాలమూరు యూనివర్సిటీలో 2025-26లో లా కాలేజీ మొదలైంది కాబట్టి మన ప్రాంతంలో ఈ చదువు చదివేవాళ్లు పెరుగుతారు. 2024 జులై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. పాత నోట్సుతో వచ్చే అసలు ప్రమాదం నంబర్లు మాయం కావడం కాదు, అదే నంబరు ఇంకో నేరానికి అతుక్కోవడం. హత్యకు పాత 302 ఇప్పుడు 103. కొత్త న్యాయ సంహితలో 302 అంటే మతపరమైన మనోభావాలు గాయపరిచే మాటలు. వరకట్న మరణానికి 304బీ ఉండేది, ఇప్పుడు 80. కొత్త 304 అంటే మెడలో గొలుసు లాక్కుపోవడం లాంటి స్నాచింగ్. మోసానికి అందరి నోటా నలిగిన 420 ఇప్పుడు 318లో నాలుగో ఉపసెక్షన్. భార్యను భర్త, అతని బంధువులు వేధిస్తే పెట్టే 498ఏ ఇప్పుడు 85.

విజయవాడ హైవే మీద జరిగే ప్రమాదాల కేసులు నల్లగొండ కోర్టుల్లో రోజూ కనిపించేవే. నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు పాత 279 ఇప్పుడు 281, నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే వేసే 304ఏ ఇప్పుడు 106(1). ఈ రెండో దానికి శిక్ష గరిష్ఠంగా రెండేళ్లుండేది, అయిదేళ్లయింది. వైద్యం చేస్తుండగా నిర్లక్ష్యం జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు మాత్రం రెండేళ్లే. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్లనే 106(2)ను మిగతా సంహితతో పాటు 2024 జులై 1న అమల్లోకి తేలేదు. పుస్తకంలో అచ్చయి ఉంది కదా అని మూట్ కోర్టులో (విద్యార్థుల నమూనా కోర్టు) దాని మీద వాదన కట్టారో, అక్కడే దొరికిపోతారు.

సంవత్సరం పొడవునా అడిగే ప్రశ్న ఒకటుంది: నేరం 2024 జూన్ 30న జరిగి, ఎఫ్‌ఐఆర్ జులై 5న నమోదైతే ఏ చట్టం? నేరానికి ఐపీసీ సెక్షన్లే వేయాలి, ఎందుకంటే చేసిన రోజున ఉన్న చట్టమే శిక్షిస్తుంది. దర్యాప్తు పద్ధతి మాత్రం కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం. జవాబులో ఈ రెంటినీ విడివిడిగా రాయకపోతే సగం మార్కులే. వాట్సాప్ చాట్‌ను సాక్ష్యంగా పెట్టడానికి పాత 65బీ సర్టిఫికెట్ ఇప్పుడు సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కిందికి వచ్చింది, రెండు భాగాలైంది. ‘ఏ’ భాగం సాక్ష్యం పెట్టేవారు, ‘బీ’ భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడు) కూడా రాయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఫైలుకు పిన్ను కొడితే చెల్లదు.

ఎంబీఏలో హెచ్‌ఆర్ తీసుకున్నవాళ్లకు 2025 నవంబరు 21 ముఖ్యం. ఆ రోజు 29 కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్లు అమల్లోకి వచ్చాయి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ ఫ్యాక్టరీల్లోనో ప్రాజెక్టు చేసేవాళ్లు ‘వేతనం’ నిర్వచనం దగ్గర ఆగాలి. నెలకు 30,000 ఇస్తున్నారు, అందులో బేసిక్ 8,000, ఇంటద్దె 10,000, రవాణా 6,000, కమీషన్ 6,000 అనుకుందాం. బేసిక్ కాకుండా మినహాయించేవి 22,000. ఇవి మొత్తంలో సగం, అంటే 15,000 దాటకూడదు. దాటిన 7,000 తిరిగి వేతనంలో కలుస్తుంది, కాబట్టి వేతనం 15,000. గ్రాట్యుటీ దీని మీదే లెక్కగడతారు. ‘స్పెషల్ అలవెన్స్’ అని పేరుపెట్టిన మొత్తం మినహాయింపుల జాబితాలో లేదు, దాన్ని నేరుగా వేతనంలోనే వేయాలి. చేతికొచ్చే జీతం అందరికీ పడిపోతుందన్న మాట కూడా సరికాదు. పీఎఫ్ 15,000 పరిమితి మీద నెలకు 1,800 కోసుకునే చోట ఆ కోత పెరగదు. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి అయిదేళ్లు కాదు, ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ వస్తుంది. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇంకా అయిదేళ్లనే కాపీ కొడుతున్నారు.

బీబీఏ, బీసీఏ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2024-25 నుంచి ఇవి సాంకేతిక విద్యను చూసే జాతీయ సంస్థ ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి, కాలేజీకి ఆ అనుమతి ఉండాలి. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ ఈ పరిధిలో లేదు. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ వేదిక ‘దోస్త్’లో ఆప్షన్లు పెట్టే ముందు ఏఐసీటీఈ వెబ్‌సైటులో ఆ ఏడాది అనుమతి జాబితా తెరిచి, కాలేజీ పేరు, కోర్సు పేరు రెండూ చూసుకుంటే అయిదు నిమిషాల పని. నర్సింగ్‌లో మార్పు పాతదే: బీఎస్సీ 2021 సిలబస్‌తో ఎనిమిది సెమిస్టర్లయింది, వార్షిక పద్ధతి నాటి నోట్సు కట్టలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

అన్ని కోర్సులకూ ఉమ్మడిగా మిగిలిన తలనొప్పి అపార్ ఐడీ. విద్యార్థికిచ్చే పన్నెండు అంకెల నంబరు ఇది, పాసైన పేపర్లకు వచ్చే క్రెడిట్లన్నీ దీని మీదే జమ అవుతాయి. మన దగ్గర ఆగిపోయేది పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, ఇంకొందరికి చివర ఉంటుంది. అలా ఉంటే ఐడీ పుట్టదు, లేదా పుట్టినా మార్కులు జమకావు. చేయాల్సిన వరుస ఇది: ముందు టెన్త్ మెమో ప్రకారం ఆధార్ సెంటర్‌లో పేరు, పుట్టిన తేదీ సరిచేయించుకోవాలి. అది అప్‌డేట్ అయ్యాక అదే ఫోన్ నంబరుతో డిజీలాకర్‌లోకి వెళ్లి ఐడీ తీసుకోవాలి. ఆ తర్వాతే కాలేజీ ఆఫీసులో రాయించాలి. చాలామంది చివరి పని ముందు చేస్తారు. అప్పుడు యూనివర్సిటీ రికార్డులో ఒక పేరు, డిజీలాకర్‌లో ఇంకో పేరు పడి, దిద్దించుకోవడానికి పరీక్షల విభాగం చుట్టూ తిరగాల్సి వస్తుంది. రెండో సెమిస్టర్ ఫీజు కట్టేలోపు మొదటి సెమిస్టర్ క్రెడిట్లు కనిపిస్తున్నాయో లేదో ఒకసారి తెరిచి చూడండి. ఫైనలియర్‌లో చూసుకుంటే అన్ని మెమోలూ పట్టుకుని మొదటి నుంచీ మొదలుపెట్టాలి.