ఈ రోజు ఎన్నో తారీఖు?

టర్కీలోని అంకారాలో మా పాప చదివే బడిలో ప్రతి ఉదయం నోటుపుస్తకం పేజీ పైన ఆనాటి తేదీ రాయించి, గట్టిగా చదివిస్తారు. మొదటి తరగతిలో చేరిన కొత్తలో పాపకు అన్నిటికన్నా కష్టమైన పని అదే. లెక్కలు చేసేది, పాటలు పాడేది. తేదీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పెగిలేది కాదు. అందుకు కారణం నేనేనని తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నేను టర్కిష్ భాషను ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నాను. పాపకూ అలాగే నేర్పాను. ఇంగ్లీషులో ‘ఇరవై మూడవ’ అంటారు కదా అని ‘యిర్మి ఉచుంజు నిసాన్’ అని చెప్పించాను. టర్కిష్‌లో తేదీకి ఆ ‘వ’ ఉండదు, వట్టి అంకె చాలు: ‘యిర్మి ఉచ్ నిసాన్’, మన ‘ఏప్రిల్ ఇరవై మూడు’ లాగే. 1920ని కూడా ఇంగ్లీషు పద్ధతిలో పంతొమ్మిది, ఇరవై అని రెండు ముక్కలు చేసి నేర్పాను. తరగతిలో పాప అలా చదివితే తోటి పిల్లలు అర్థం కాక ముఖాలు చూసుకున్నారట. ఆ తేదీ ఇక్కడ ఏ బిడ్డా తప్పు చదవకూడనిది. 1920 ఏప్రిల్ 23న ఇదే ఊళ్లో మహా జాతీయ సభ, అంటే ఇక్కడి పార్లమెంటు, మొదటిసారి సమావేశమైంది. ఆ రోజును దేశమంతా పిల్లల పండుగగా జరుపుకుంటుంది. పాప ఇంటికి వచ్చి, “నాకు చదవడం రాదమ్మా” అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు.

దారి చూపింది మా అమ్మ. తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగేది, “ఈ రోజు ఎన్నో తారీఖమ్మా?” అని. ఒక సాయంత్రం పాప నా వైపు తిరిగి, “మా టీచరు కూడా ఇలాగే అడుగుతారు” అంది. నిజమే. ‘బుగూన్ ఆయిన్ కచి?’ అంటే ‘ఈ రోజు నెలలో ఎన్నోది?’ అని. ‘ఎన్నో’ అనే ప్రశ్నను ఇంగ్లీషులో ఒక్క మాటలో అడగలేము. తెలుగులో అడగగలం, టర్కిష్‌లో అడగగలం. ఇంతకాలం నేను పిల్లను ఎంత చుట్టుదారిలో నడిపించానో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి ఇద్దరం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. ‘ఆయ్’ అంటే నెల, ‘ఆయ్’ అంటే చంద్రుడు కూడా. “మనకూ అంతే, నెలవంకలోని నెల చందమామే” అన్నాను. తేదీని వాళ్లు ‘తారిహ్’ అంటారు. అరబ్బీ నుంచి మనకు తారీఖుగా వచ్చిన మాటే అది. చరిత్ర అనే పాఠానికి కూడా ఇక్కడ అదే పేరు. ఇక ఆదివారం ‘పజార్’, మన బజారు. సోమవారానికి వేరే పేరు పెట్టకుండా ‘పజార్‌తెసి’, బజారు మర్నాడు, అన్నారు. పాప దీన్ని వారమంతా అమ్మమ్మకు చెప్పింది.

సంవత్సరం చదవడానికి మాత్రం ‘పంతొమ్మిది వందల’ అనే మన అలవాటు కూడా పనికిరాదు. వెయ్యితోనే మొదలుపెట్టాలి: బిన్ దొకుజ్ యూజ్ యిర్మి, అంటే వెయ్యి తొమ్మిది వందల ఇరవై. అప్పుడు మా నాన్నగారి చదివింపులు గుర్తొచ్చాయి. పెళ్లిలో కవరు మీద రాసే వెయ్యిన్నూట పదహారు! టర్కిష్‌లో ‘బిన్ యూజ్ ఒన్ ఆల్తి’. వెయ్యికి ముందు ‘ఒక’ లేదు, నూటికి ముందూ లేదు. ఒక్క కట్నాల లెక్కతో పాపకు సంవత్సరాలు చదవడం వచ్చేసింది.

అసలు చిక్కు తేదీకి విభక్తి తగిలించేటప్పుడు వస్తుంది. మనం 1920లో, 1919లో, 1923లో అని ఒక్క ‘లో’తో సరిపెట్టుకుంటాం. వాళ్లు అంకె పక్కన పైన ఒక చిన్న కొక్కెం పెట్టి, 1920కి ‘దె’, 1919కి ‘దా’, 1923కి ‘తె’ రాస్తారు. అంకెలో కనిపించని అచ్చును చెవితో పట్టుకోవాలి. యిర్మి అని ఇకారంతో ముగిసింది కనుక ‘దె’. దొకుజ్‌లో చివరి అచ్చు ఉకారం కనుక ‘దా’. ఉచ్‌లో ఉన్నది పెదవులు సున్నా చుట్టి ‘ఇ’ అన్నట్టు పలికే అచ్చు, కనుక మళ్లీ ఎకారమే. పైగా చివర పరుషమైన ‘చ్’ ఉంది కాబట్టి ‘ద’ కాస్తా ‘త’ అవుతుంది. పాఠ్యపుస్తకంలో ఈ నియమం పట్టికగా ఉంటుంది. నాకు అది ఎప్పుడూ గుర్తుండలేదు. పాపను ఒకటే అడిగాను: “తేదీకి అంటావు, తారీఖుకు అంటావు. ఒకచోట ‘కి’, ఒకచోట ‘కు’ ఎందుకు?” కాసేపు రెండూ పలికి చూసుకుని, “ముందు ‘ఈ’ ఉంటే నోరు ‘కి’ వైపే వెళ్తుంది” అంది. అంతకన్నా గొప్ప వ్యాకరణం నేను చెప్పలేను.

ఇంట్లో తెలుగు మాట్లాడితే బడి భాషలో వెనకబడతారని ఇక్కడ కొందరు స్నేహితులు పిల్లలతో ఇంగ్లీషుకు మారిపోయారు. వాళ్ల భయం నాకు తెలుసు, నేనూ పడ్డాను. కానీ టర్కిష్‌కు దగ్గరి దారి మా ఇంట్లోనే ఉంది, దాన్ని మూసింది నేను. ఇప్పుడు ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను: పిల్లలతో తెలుగులోనే మాట్లాడండి.

రాతలో ఇంకొక పట్టింపు ఉంది. నెల పేరు అంకె పక్కన ఉంటే పెద్ద అక్షరంతో మొదలవ్వాలి, ఉత్తగా ‘నిసాన్‌లో వానలు’ అంటే చిన్న అక్షరం. పెద్దా చిన్నా అక్షరాలే లేని లిపి మనది, కనుక ఇది మాత్రం ఎర్ర సిరా తింటూ నేర్చుకోవలసిందే.

పక్కింటావిడను పాప ‘తెయ్‌జె’ అంటుంది, అంటే అమ్మ తోబుట్టువు. మేనత్తకు వేరే మాట ఉంది, ‘హలా’. రోజుకో కాగితం చించే క్యాలెండరు ఆవిడే ఇచ్చారు. జనవరిని ‘ఒజాక్’ అంటారు, పొయ్యి అని అర్థం. అక్టోబరు ‘ఎకిమ్’, విత్తడం. ఈ పేర్లు 1945లో పెట్టినవని ఆవిడ చెప్పారు. అంతకుముందు వేరే పేర్లుండేవట. అసలు 1926 వరకు ప్రభుత్వ కాగితాల మీద సంవత్సరం లెక్కే వేరు, 1920 అంటే వాళ్లకు 1336. పాప ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. “మా అమ్మమ్మకు ఇది 2024 కాదు, క్రోధి” అంది.

మా అమ్మ పుట్టినరోజు నాగుల చవితి. తేదీ ఆవిడకు తెలియదు, తిథే తెలుసు. పాప పంచాంగం తెరిపించి, తెయ్‌జె ఇచ్చిన క్యాలెండరు కాగితం మీద ‘5 కాసిమ్ 2024 సాలి’ (నవంబరు 5, మంగళవారం) అని టర్కిష్ అక్షరాలతో రాసింది. కాసిమ్‌కు పెద్ద అక్షరమే పెట్టింది. దాని కింద తెలుగులో ‘అమ్మమ్మ’. మరుసటి ఏడాది అదే తిథి అక్టోబరు 25, శనివారం వస్తుందని చూపిస్తే తెయ్‌జె తల ఊపి, మా బైరాము (రంజాన్ పండుగ) కూడా ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది అన్నారు. పాప వేళ్లతో లెక్క వేసి, “అలా జరిగితే నాగుల చవితి వానల్లోకి వచ్చేస్తుంది కదా?” అని నన్ను అడిగింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉందని, జరిగిన పండుగలను ఆ నెల మళ్లీ వెనక్కి తెస్తుందని చెప్పాను. “టర్కిష్‌లో అధిక మాసాన్ని ఏమంటారు?” అంది. తెయ్‌జెకూ ఆ మాట తెలియదు. ఇద్దరూ కూర్చుని ‘ఫజ్లా ఆయ్’ అని పెట్టుకున్నారు, ఎక్కువ నెల.