పచ్చకళ్ల పొద కప్ప కోసం: మున్నార్‌లో మూడో వర్షాకాలం

వెతుకుతున్నది పచ్చకళ్ల పొద కప్ప, శాస్త్రీయ నామం రావోర్చెస్టెస్ క్లోరోసొమ్మా. 2009లో శాస్త్రవేత్తలు బిజు, బొసూయిట్ మున్నార్ ప్రాంతం నుంచి వర్ణించిన జాతి. బొటనవేలి కొసంత ఒళ్లు, ఆకుపచ్చ కళ్లు. (ప్రజాతి పేరులోని 'రావు' ఎవరా అని చూస్తే, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన సి.ఆర్. నారాయణరావు గారు.) ఇదే ప్రజాతికి చెందిన, ఆనముడి శిఖరం మీది ఎర్ర పొద కప్ప ఇరవికుళం పార్కు లోపలిది. రాత్రి పూట అక్కడికి వెళ్లనివ్వరు కాబట్టి ఆ ఆశ పెట్టుకోలేదు.

మొదటి ఏడాది వాగుల వెంబడి తిరిగి జలగలకు రక్తదానం చేశాను, అంతే. ఈ కప్పలకు తోకకప్ప దశే లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే వస్తుంది. వాటికి వాగుతో పనేముంది, తడి ఉంటే చాలు. ఇప్పుడు నడుము నుంచి భుజం ఎత్తు దాకా పొదలే చూస్తున్నాను.

రెండో ఏడాది తప్పు ఇంకా సిగ్గుపడాల్సింది. కప్ప బెదరకూడదని ఎర్ర హెడ్‌లైటు కొన్నాను. ఎర్ర వెలుగులో ఆకుపచ్చ నల్లగానే కనిపిస్తుంది! కంటి రంగుతో గుర్తుపట్టాల్సిన కప్పను ఆ లైటుతో ఎన్నిసార్లు దాటి వెళ్లానో.

ఈసారి బాగా తగ్గించిన తెల్ల లైటు. కూత వినగానే ఆర్పేసి పది నిమిషాలు కదలకుండా నిలబడతాను. మళ్లీ కూత మొదలయ్యాక నేనూ మా తమ్ముడూ రెండు వైపుల నుంచి చెవి పెట్టి, రెండు దిక్కులూ కలిసే చోట రెండు మూడు సెకన్లు వెలుగు వేస్తాం. ఒక్కడి చెవికి దూరం అందదు. మైకుకు బొచ్చు తొడుగు తప్పనిసరి, ఫైలు వేవ్ (కుదించని ఆడియో) రూపంలోనే. ప్రతి రికార్డింగు మొదట్లో ఉష్ణోగ్రత నోటితో చెబుతాను, ఎందుకంటే చలి పెరిగితే కూత వేగం తగ్గుతుంది. కప్పలకు జబ్బు చేసే ఫంగస్ మోసుకుపోకుండా ఊరు మారేముందు బూట్లు బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఆరబెడతాం. కప్పను ముట్టుకోం. చోటు ఎవరికీ చెప్పం.

మూడో రాత్రి, తొమ్మిది దాటాక, 17 డిగ్రీలు, సన్న జల్లు. ఛాతీ ఎత్తు ఆకు మీద గొంతు ఉబ్బించుకుని కూర్చుంది. కళ్లు లేత వేపాకు రంగు. నోట్లోంచి మాట రాలేదు. మా తమ్ముడు మోచేత్తో పొడిచాకే కెమెరా గుర్తొచ్చింది.

కూత 40 సెకన్లు శుభ్రంగా దొరికింది. ఫోటోలు పదకొండు. ఒక్కదాంట్లోనూ కన్ను ఫోకస్‌లో లేదు.