జీవో జీవస్య జీవనమ్: ధర్మరాజు బెంగకు రెండు జవాబులు

అహస్తాని సహస్తానామపదాని చతుష్పదామ్
ఫల్గూని తత్ర మహతాం జీవో జీవస్య జీవనమ్

భాగవతం ప్రథమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెప్పిన శ్లోకం ఇది. చేతులు లేనివి చేతులున్నవాటికి, కాళ్లు లేని గడ్డీగాదం నాలుగు కాళ్ల జంతువులకు, చిన్నవి పెద్దవాటికి ఆహారం. జీవిని బతికించేది మరో జీవే.

"బలమున్నవాడిదే రాజ్యమని శాస్త్రమే చెప్పింది" అంటూ దీన్ని వాడుకునేవాళ్లున్నారు. నాకది మింగుడుపడదు. నారదుడు ఈ మాట చెప్పింది వేటకు బయల్దేరిన రాజుకు కాదు. ధృతరాష్ట్రుడు, గాంధారి చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి వెళ్లిపోతే కుమిలిపోతున్న మనిషికి. "నేను లేకుండా ఆ దిక్కులేనివాళ్లు ఎలా బతుకుతారు అనే బెంగ మానుకో" అని చెప్పి, ఒక్క శ్లోకం తర్వాత దీన్ని అందుకున్నాడు. పెట్టేది నేనే అనుకునేవాడికి ఇది మందు.

ధర్మరాజుకు తిండి గురించిన బెంగ కొత్తేమీ కాదు. అరణ్యవాసం మొదట్లో, వెంట వచ్చిన బ్రాహ్మణులకు అన్నం ఎక్కణ్నుంచి తేవాలో తోచక తమ పురోహితుడు ధౌమ్యుణ్ని అడిగాడు. "ఏవం భానుమయం హ్యన్నం భూతానాం ప్రాణధారణమ్" అన్నాడు ధౌమ్యుడు. ప్రాణుల్ని నిలిపే అన్నమంతా సూర్యమయమే, ఆయన్నే శరణు వేడమని. ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుంటే, బడిలో ఆహారపు గొలుసు అని చదువుకున్న పాఠం కొత్తగా కనిపిస్తుంది.

వరి చేనునే చూడండి. ఆకు మీద పడ్డ ఎండలో మొక్క తన ఒంటికి పట్టించుకునేది సుమారుగా నూటికి ఒక వంతు. ఆ ఆకును మిడత తింటుంది, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద. మెట్టు ఎక్కిన ప్రతిసారీ పై మెట్టుకు చేరేది దాదాపు పదో వంతే. వరిలో వెయ్యి పాళ్ల శక్తి ఉంటే మిడతల్లో వంద, కప్పల్లో పది, పాముకొచ్చేసరికి ఒకటి. మిగతాది తినకుండా వదిలేసిందీ, అరగకుండా పోయిందీ, గెంతడానికీ ఊపిరి తీయడానికీ ఖర్చై వేడిగా గాల్లో కలిసిందీ. అమెరికాలో రేమండ్ లిండెమన్ అనే కుర్రాడు మిన్నెసోటాలోని ఒక చిన్న సరస్సును ఏళ్ల తరబడి గమనించి రాసిన వ్యాసం ఈ ఆలోచనకు పునాది. 1942లో అది అచ్చయ్యేనాటికి ఆయన లేడు, 26 ఏళ్లకే పోయాడు.

చచ్చిన గద్ద మట్టిలో కలిస్తే అందులోని నత్రజని, భాస్వరం మళ్లీ వరికి చేరతాయి. కానీ వేడిగా పోయిన శక్తి తిరిగి రాదు, రేపటికి రేపటి ఎండే కావాలి. ఇక్కడ నాకు అక్షయపాత్ర గుర్తొస్తుంది. సూర్యుడిచ్చిన ఆ పాత్ర కూడా ద్రౌపది భోంచేసేదాకానే. ఆమె తిన్నాక ఆ రోజుకు అంతే, మళ్లీ మర్నాడే. కథ చెప్పినవాళ్లకు ఈ లెక్క తెలుసని అనను గానీ, ఎంత చక్కగా కుదిరిందో!

పాము లేకపోయినా వరి మొలుస్తుంది. వరి లేకపోతే ఆ చేలో పాముకు బతుకే లేదు. అలాగని మధ్యలో ఎవరినైనా తీసేస్తే ఈ గొలుసు ఊరుకోదు. కప్ప కాళ్లను విదేశాలకు పంపడానికి పొలాల్లో కప్పల్ని గంపలకొద్దీ పట్టిన రోజుల్లో, పురుగుల్ని తినేవి తగ్గిపోతున్నాయన్న ఆందోళన పెరిగి, 1987లో మన దేశం ఆ ఎగుమతి నిషేధించింది.

కార్తీకంలో నాగుల చవితికి పుట్ట దగ్గర చలిమిడి, చిమ్మిలి పెట్టి మొక్కుతాం. కోస్తా చేలల్లో అప్పుడు వరి వెన్నులు వంగి ఉంటాయి, ఎలుకల బెడదా అప్పుడే. పుట్టకు దండం పెట్టొచ్చిన చేత్తోనే గట్టు మీద జెర్రిపోతు కనిపిస్తే కర్ర అందుకుంటారు, ఇదేం భక్తో! జెర్రిపోతుకు విషం లేదు, దాని తిండే ఎలుకలు.

నారదుడు అక్కడితో ఆగలేదు. "ఇదంతా ఆ ఒక్క భగవానుడే. లోపలా ఆయనే, బయటా ఆయనే, మాయ వల్ల పలురకాలుగా కనిపిస్తున్నాడు, చూడు రాజా" అన్నాడు. "జీవో జీవస్య" అని స్టేటస్ పెట్టుకునేవాళ్లు ఈ తర్వాతి శ్లోకం దాకా రారు.