పియాజే, రొయ్యల చెరువు, నా టెట్

మొదటిసారి టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, రాసినప్పుడు నాకు సైకాలజీలో 30కి 11 వచ్చాయి. మొత్తం 150కి 71. బీసీలకు 75 రావాలి, అంటే నాలుగు మార్కుల్లో పోయింది. అది 2022. పరీక్షకు మూడు వారాల ముందు గోదారి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మాది పి.గన్నవరం వైపు లంక. పుస్తకాలు అటకెక్కించి, పిల్లల్ని తీసుకుని పడవలో ఏటిగట్టు మీదకి వచ్చేశాం. పది రోజులు పిన్నిగారింట్లోనే. కనబడిన ప్రతివాళ్లకీ "వరదల వల్ల పోయిందండీ, లేకపోతే వచ్చేసేదే" అని చెప్పుకున్నాను. నిజానికి వరద రాకపోయినా పోయేది. ఇలా చెప్పుకోవడాన్ని హేతుకీకరణం అంటారని, అది నా సిలబస్‌లోనే ఉందని రెండోసారి చదివేటప్పుడు చూసి నవ్వుకున్నాను.

నేను ప్రైవేట్ స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకి లెక్కలు చెబుతాను. నేను రాసింది పేపర్ 2ఎ. రెండున్నర గంటల్లో 150 బిట్లు, నెగెటివ్ మార్కులు లేవు. అందులో 30 సైకాలజీవి. ప్రభుత్వ టీచరు ఉద్యోగాలకి పెట్టే డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసయితే చాలనుకోవడానికీ లేదు. బీఎడ్‌లో ఇదే సబ్జెక్టు చదివి, రాసి, పాసయ్యాను. మరి బుర్రలో ఏం మిగిలిందంటే సైకాలజీ ప్రయోగాల్లోని పావ్‌లోవ్ కుక్క, కోహ్లర్ చింపాంజీ, థార్న్‌డైక్ పిల్లి. జంతువులు గుర్తున్నాయి, అవెందుకు వచ్చాయో గుర్తులేదు.

మొదటిసారి నేను చదివిన పద్ధతి ఏమిటంటే, కోచింగ్ నోట్స్‌లో కోడ్‌లు ఉండేవి, దశల పేర్లలో మొదటి అక్షరాలు కలిపి ఓ వింత మాట. అలాంటివి నలభై బట్టీ పట్టాను. పరీక్షలో వచ్చిన బిట్లేమో "ఒక విద్యార్థి ఇలా ప్రవర్తించాడు, ఇది దేనికి ఉదాహరణ" అనే రకం. కోడ్ గుర్తుంది, కానీ ఆ పిల్లాణ్ని ఏ గదిలో కూర్చోబెట్టాలో తెలియలేదు.

రెండోసారి కోడ్‌లు మానేశాను. రక్షక తంత్రాలకి, అంటే మనసు బాధని తప్పించుకోవడానికి వేసే ఎత్తులకి, మన సామెతలే సరిపోయాయి. అందని ద్రాక్ష పుల్లన అంటే హేతుకీకరణం. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే విస్థాపనం. ఆడలేక మద్దెల ఓడు అనడం ప్రక్షేపణం. ఈ మూడోది హేతుకీకరణం ఎందుకు కాకూడదని నాకు ఇప్పటికీ అనుమానమే. తప్పు ఎదుటి వస్తువు మీదకి నెట్టేశాం కాబట్టి ప్రక్షేపణం అంటారు. సరే అని అలాగే పెట్టాను. పరీక్ష హాల్లో పుస్తకంతో వాదన పెట్టుకోకూడదు.

పిల్లల ఆలోచన దశలు దశలుగా ఎదుగుతుందన్న స్విస్ మనస్తత్వవేత్త పియాజే మాత్రం ఇంట్లోనే దొరికాడు. మా పాపకి అప్పుడు ఐదేళ్లు. ఓ బొండం కొట్టి నీళ్లు రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా పోశాను. సమానమేనా అంటే సమానమే అంది. దాని కళ్లముందే ఒక గ్లాసులోవి సన్నగా పొడుగ్గా ఉండే గ్లాసులోకి వంచాను. "నాకు అదే కావాలి, అందులో ఎక్కువున్నాయి" అని అన్నయ్యతో పేచీకి దిగింది. మళ్లీ పాత గ్లాసులోకి వంచి చూపిస్తే సమానమే అంది. మళ్లీ పొడుగు గ్లాసులో పోస్తే మళ్లీ ఎక్కువే! ఎత్తు ఒక్కటే చూసి వెడల్పు వదిలేస్తే కేంద్రీకరణ. పోసినవి వెనక్కి పోస్తే అవే నీళ్లని మనసులో తిప్పుకోలేకపోతే అవిపర్యయాత్మకత. ఆకారం మారినా పరిమాణం మారదని తెలియకపోతే పదిలపరచుకునే భావన ఇంకా రాలేదని. రెండేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉండే పూర్వ ప్రచాలక దశ మొత్తం ఒక బొండంతో అయిపోయింది. దాని అన్నయ్యకి పదేళ్లు. "పోసింది అవే నీళ్లు కదే" అని విసుక్కున్నాడు. వాడిది మూర్త ప్రచాలకం, ఏడు నుంచి పదకొండేళ్ల దాకా ఉండే తర్వాతి దశ.

ఇక్కడిదాకా బాగానే ఉంది. పదకొండేళ్లు దాటాక వచ్చే అమూర్త ప్రచాలక దశ దగ్గర నాకు చుక్కెదురైంది. ఆ దశలో పిల్లలు కళ్లముందు లేనిదాన్ని ఊహించుకుని, ఇలా అయితే ఏమవుతుంది, అలా కాకపోతే ఏమవుతుంది అని ఆలోచించగలరంటాడు పియాజే. నా తొమ్మిదో తరగతిలో సగం మంది అలా ఆలోచించడం నేనైతే చూడలేదు. ఎక్స్, వై అనగానే గోడ గడియారం చూసేవాళ్లే.

వాళ్లలో ఒకడి పేరు ఇక్కడ వద్దు, ఊళ్లో అనే మాటే చిన్నోడు అందాం. మొదటి పీరియడ్ నాదే. వాడు హాజరు పలికిన ఐదు నిమిషాలకి బల్ల మీద తల పెట్టేసేవాడు. లేపితే లేచేవాడు, ఏమన్నా "ఆయ్" అనేవాడు, మళ్లీ పడుకునేవాడు. నేను అప్పటికి రక్షక తంత్రాల ఊపు మీద ఉన్నాను. వాళ్లమ్మ కువైట్‌లో ఉంటుంది, తండ్రి లేడు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ఇంకేముంది, ఇది ఉపసంహరణ అని తేల్చేశాను. తల్లి మీద బెంగ, దాన్నుంచి తప్పించుకోవడానికి లోపలికి ముడుచుకుపోతున్నాడు. స్టాఫ్ రూమ్‌లో ఈ మాట చెబితే అందరూ తలలూపారు కూడా.

ఓ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అమ్మమ్మ కొబ్బరి డొక్కలు ఎండబెట్టుకుంటోంది.

"మామ్మగారూ, పిల్లాడు బెంగగా ఉంటున్నాడాండీ?"

"బెంగేటమ్మా, నిద్దర లేదు వాడికి. రాత్తిళ్లు మేనమామ చెరువు కాడే పడుకుంటన్నాడు. ఏరేటర్లు చూసుకోవాలి కదా."

ఏరేటరంటే రొయ్యల చెరువు నీళ్లలోకి గాలి ఎక్కించే మోటారు. సిగ్గేసింది. నిద్ర చాలని పిల్లాడికి నేను రెండు వారాల పాటు సిద్ధాంతం కట్టాను. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పైగా ఆ వయసులో ఒంట్లో గడియారమే వెనక్కి జరుగుతుంది, రాత్రి పెందలాడే నిద్ర పట్టదు, పొద్దున్నే మెలకువ రాదు. మనం దాన్ని బద్ధకం అంటాం. వీడికి ఆ రెండూ కాక మోటారు చప్పుడొకటి.

చెరువు గట్టు మీదకి వెళ్లి అక్కడే వాడితో మాట్లాడాను. రాత్రి ఎందుకు తిప్పాలిరా ఏరేటర్ అని ఊరికే అడిగాను. నిద్ర మొహంతో ఉన్నవాడు కాస్తా చేతులు తిప్పుతూ మొదలుపెట్టాడు.

"పగలు నీళ్లలో పచ్చదనం గాలి ఇస్తదండీ. రాత్రి అదీ పీల్చుకుంటది, రొయ్యా పీల్చుకుంటది. తెల్లారగట్ట బాగా తగ్గిపోద్దండీ. పగలంతా మబ్బుగా ఉందనుకోండి, పగలే సరిగా ఎక్కదు. అలాంటప్పుడు రాత్రి ముందే వేసెయ్యాలి. రొయ్యలు పైకి తేలాయనుకోండి, అప్పటికే ఆలస్యమైపోయినట్టు."

మేత సంగతీ చెప్పాడు. చెక్ ట్రేలో కొంచెం మేత వేసి దించుతారు, రెండు గంటలకి పైకి లాగి చూస్తారు. మిగిలితే తర్వాతి మేత తగ్గించాలి. "కానీండీ, మిగిలిందంటే కడుపు నిండిందని కాదు. గుల్ల విడిచే రోజులైతే కూడా తినవు. ముందు అది చూడాలండీ."

పగలు మబ్బుగా ఉందనుకోండి అంటున్నాడు. అది కాదు, ఇది అయ్యుండొచ్చు అంటున్నాడు. కళ్లముందు లేనిదాన్ని ఊహించి, ఒక్కో కారణాన్నీ విడదీసి చూస్తున్నాడు. నా పుస్తకంలో అమూర్త ప్రచాలకం అని రాసి ఉన్నది అచ్చంగా ఇదే. నా క్లాసులో 35కి 12 వచ్చే పిల్లాడు గట్టు మీద పియాజే చివరి దశలో ఉన్నాడు.

తర్వాత చదివితే తెలిసింది, పియాజేకే ఈ అనుమానం వచ్చింది. 1972లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆయన తన మాట సవరించుకున్నాడు. ఈ చివరి దశకి అందరూ చేరవచ్చు గానీ ఒకే రంగంలో కాదు, ఎవరి అభిరుచి, ఎవరి పని ఎటుందో అటు చేరతారని. వడ్రంగికి తన పనిలో ఉండే తర్కం గణిత సమస్యలో కనబడకపోవచ్చు. గైడ్లలో ఈ ముక్క ఉండదు. "11 సంవత్సరాలకు పైన" అని ఒక్క గీత ఉంటుంది, దాన్ని చదివి మనం పిల్లల్ని కొలుస్తాం.

ఆ వారం క్లాసులో లోలకం ప్రయోగం పెట్టాను. పియాజే, ఆయనతో పనిచేసిన ఇన్‌హెల్డర్ పిల్లలకి ఇచ్చిన సమస్యే అది. దారానికి బరువు కట్టి ఊపితే, ఎంత త్వరగా ఊగుతుందన్నది దేని మీద ఆధారపడుతుంది? దారం పొడవా, బరువా, ఎంత దూరం లాగి వదిలామన్నదా? మాకు ల్యాబ్ లేదు. రాలిపోయిన కొబ్బరి పిందెలు, చిన్నవీ పెద్దవీ ఏరుకొచ్చి కొబ్బరి తాడు పురితో బెంచీలకి కట్టుకున్నాం. చాలా బృందాలు పొడుగు తాడుకి పెద్ద పిందె, పొట్టి తాడుకి చిన్న పిందె కట్టి "బరువు వల్లే టీచర్" అని ఒప్పేసుకున్నాయి. చిన్నోడు లేచాడు. "రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్లో ఎలా తెలుస్తాదండీ?" వాడి బృందం తాడు అలాగే ఉంచి పిందెలు మార్చింది, ఊపుల్లో తేడా లేదు. తర్వాత తాడు కుదించింది, ఊపులు త్వరత్వరగా వచ్చాయి. క్లాసంతా వాడి బెంచీ చుట్టూ చేరింది.

వాడికి లెక్కలు వచ్చేశాయని అనుకోకండి. 12 నుంచి 17కి వచ్చాడు, అదీ సమీకరణాల్ని 25 కేజీల మేత బస్తాల్లోకి మార్చి చెబితేనే. వైగాట్‌స్కీ అనే మనస్తత్వవేత్త సమీప వికాస మండలం అన్నది ఇదేనేమో. ఒక్కడే చెయ్యలేనిది, పక్కన ఎవరో చెయ్యి వేస్తే చెయ్యగలిగేది. ఏ చోట చెయ్యి వెయ్యాలో తెలియడానికి నాకు ఒక చెరువు గట్టు ఎక్కాల్సి వచ్చింది. నా పీరియడ్‌ని హెడ్ మాస్టారు భోజనాల తర్వాతకి మార్చారు. వాళ్లమ్మతో వాట్సాప్‌లో మాట్లాడితే "చెరువు కాడ పడుకుంటున్నాడని నాకు చెప్పలేదండీ" అని ఏడ్చింది. మేనమామ పరీక్షల వారాల్లో మాత్రం పంపనన్నాడు. అంతవరకే గెలిచాం.

ఇంకో సంగతి చెప్పాలి. ఎనిమిదో తరగతిలో ఒకడు గట్టిగా చదవమంటే నిలబడి మౌనంగా ఉండేవాడు. గొంతు మారుతోంది, ఓ మాట బొంగురు, ఓ మాట కీచు. తననే అందరూ చూస్తున్నారనే ఈ భావనని డేవిడ్ ఎల్కైండ్ అనే మనస్తత్వవేత్త ఊహాజనిత ప్రేక్షకులు అన్నాడు. కానీ ఈ పిల్లాడి విషయంలో ప్రేక్షకులు ఊహాజనితం కాదు, వెనక బెంచీలో నిజంగానే నవ్వుతున్నారు. సిద్ధాంతం సగమే సరిపోయింది. నలుగురైదుగురి చేత కలిపి చదివించడం మొదలుపెట్టాను, అంతే.

2024 ఫిబ్రవరిలో నోటిఫికేషన్ వచ్చింది, అదే నెలాఖరుకి పరీక్షలు మొదలయ్యాయి. చదవడానికి టైమ్ లేదు, టెన్షన్ మామూలుగా లేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఒక్కో సైకాలజీ బిట్‌లోని "ఒక విద్యార్థి" స్థానంలో నాకు తెలిసిన మొహం పెట్టుకుంటూ వెళ్లాను. రెండు మూడు చోట్ల ఆ పద్ధతి మోసం చేసింది కూడా. నాకు తెలిసిన పిల్లలు ఆప్షన్లలో లేని పనులు చేస్తారు. జూన్‌లో ఫలితాలు వచ్చాయి. సైకాలజీలో 24, మొత్తం 103. డీఎస్సీ సంగతి వేరే కథ.

స్కూలు తెరిచాక పదో తరగతికొచ్చిన చిన్నోడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పాసైపోయారంట కదండీ. మీ పరీక్షలో ఏరేటర్ వచ్చిందాండీ?"

రాలేదన్నాను.

"పిందెలూ?"

అవీ రాలేదురా అన్నాను. కాసేపు ఆలోచించి, "మరి ఏమడిగారండీ?" అన్నాడు.