మత్తు డాక్టరు అడిగిన మాట

పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ అంటే నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. మత్తు డాక్టరు బీపీ, షుగరు అన్నీ అడిగి, చివర్లో "మీరు వైశ్యులా అండీ?" అన్నారు. కడుపులో రాళ్ళకీ కులానికీ ఏం సంబంధమని మా ఆవిడ ముఖం ముడుచుకుంది. నాకూ చివుక్కుమంది.

అవునన్నాక డాక్టరే కారణం చెప్పారు. గొంతులో గొట్టం వేయడానికి సక్సినైల్ కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారట. కండరాలు సడలిపోతాయి. రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లోనే విరగ్గొట్టేస్తుంది. మా వైశ్యుల్లో కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ పనిచేయదు. అలాంటివాళ్ళకి గంటల తరబడి సొంతంగా ఊపిరాడదు, వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. వింటుంటే పెద్దమ్మ గుర్తొచ్చింది. ఎప్పుడో గర్భసంచి ఆపరేషన్ అయ్యాక "మత్తు దిగలేదు" అని మమ్మల్ని తెల్లవార్లూ వరండాలో కూర్చోబెట్టారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఆ ఎంజైమ్ ఎంతుందో చూడటానికి రక్తం ఇచ్చాను. రిపోర్టులో ఉండాల్సింది వేలల్లో, నాది రెండు వందల లోపే. అయితే ఇక్కడే చిక్కు. కావలిలో నాది పురుగుమందుల కొట్టు. మోనోక్రోటోఫాస్ లాంటివి ఒంట్లోకి పోయినా ఈ ఎంజైమ్ పడిపోతుందట. పాతికేళ్ళుగా ఆ వాసనలోనే కూర్చుంటున్నా మరి! పురుగుమందు వల్లా, పుట్టుకతోనా అని తేల్చడానికి జీన్ టెస్ట్ రాశారు. రిపోర్టు వచ్చేదాకా పప్పులో నెయ్యి చుక్క కూడా లేకుండా తిన్నాను, అది వేరే బాధ.

పుట్టుకతోనే. ఆ ఎంజైమ్‌ని తయారుచేయించే బీసీహెచ్ఈ అనే జీన్‌లో మార్పు వల్ల, ఎంజైమ్‌లో 307వ చోట ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది ప్రోలిన్ ఉంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన రెండు జీన్ కాపీల్లోనూ అదే మార్పు. వైశ్యుల్లో ఈ మార్పు గురించి 2006లోనే పరిశోధన అచ్చయిందట. అమ్మ నాన్నకి సొంత అక్క కూతురని చెప్పాను. డాక్టరు "ఊఁ" అని తలూపారు, అంతే.

నాకు కండరాలు సడలించడానికి అట్రాక్యూరియం అనే వేరే మందు వాడారు. దానికి ఈ ఎంజైమ్‌తో పని లేదు. కళ్ళు తెరిచేసరికి మా ఆవిడ "తాళాలు ఎక్కడ పెట్టారండీ" అంటోంది.

ఈ లోటుతో రోజువారీ ఇబ్బందేమీ లేదు, మత్తు దగ్గరే జాగ్రత్త. తోబుట్టువులకి ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉందన్నారు. చెల్లెలు చేయించుకుంది, బాగానే ఉంది. ఒంగోల్లో తమ్ముడు మాత్రం "ఆపరేషన్ వచ్చినప్పుడు చూద్దాంలే అన్నా" అంటాడు. "సక్సినైల్ కోలిన్ ఇవ్వరాదు" అని ఎర్ర సిరాతో డాక్టరు రాసిచ్చిన చీటీ నా పర్సులో ఉంది. దాని జిరాక్స్ మీద "టెస్ట్ చేసి చూడండి" అని రాసి, మొన్న సంక్రాంతికి మా ఆవిడ మరిది పర్సులో పెట్టేసింది. వాడింకా చూసుకోలేదు.